రాయలసీమ ధిక్కార మతాలు: బంధుత్వాలు, స్త్రీలు

12వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం చివరిదాకా శ్రీశైలం, బనగానపల్లె, బద్వేలు, కందిమల్లాయపల్లెల చుట్టూ అల్లుకున్న శైవ, యోగ సంప్రదాయాలను ఇక్కడ ధిక్కార మతాలుగా లెక్కిస్తున్నాం. వేదానికున్న పెత్తనాన్ని, పుట్టుకతో వచ్చే మడిని, మైలను, కులాన్ని ఏదో ఒక మేరకు కాదన్నవి ఇవి. పత్తికొండ, ఆలూరు, ఆదోని వంటి కర్నూలు పడమటి ఊళ్లు తెలుగు, కన్నడం రెండూ వినిపించే చోట్లు. కన్నడదేశపు కల్యాణ నగరంలో పుట్టిన వీరశైవానికీ శ్రీశైల మల్లన్నకూ మధ్య ఉన్న నేల ఇదే.

ఈ మతాల చరిత్రను సాధారణంగా గురువుల వరుసగా చెబుతారు. కానీ అవి పాకిన తీరు చూస్తే వాటి వెనక మేనమామలు, అక్కలు, అత్తలు, పెళ్లాలు, అన్నం పెట్టిన ఇల్లాళ్లు కనిపిస్తారు. కంచం పొత్తు, మంచం పొత్తు అని పెద్దలు అనే రెండు పొత్తుల్లో మొదటిదాన్ని ఈ ఉద్యమాలు చాలావరకు తెంచి మళ్లీ ముడివేయగలిగాయి. కలిసి కూర్చుని తినడం సాధ్యమైంది. పిల్లనిచ్చి పుచ్చుకోవడం దగ్గరికి వచ్చేసరికి ప్రతిదీ ఆగిపోయింది, లేదా నెత్తురు చూసింది. ఆ రెండు పొత్తులకూ కాపలా ఇంటి ఆడదే కాబట్టి, ధిక్కారం ఎంత దూరం వెళ్లిందో తెలియాలంటే ఆమెను చూడాలి.

అంతకు ముందు

పత్తికొండ పక్కన తుగ్గలి మండలంలో, జొన్నగిరికి దగ్గరగా ఉన్న ఎర్రగుడి గుండ్ల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన పద్నాలుగు శిలాశాసనాలు ఉన్నాయి. వాటిలో తొమ్మిదోది మన విషయానికి పనికొస్తుంది. జబ్బు చేసినా, పెళ్లయినా, కాన్పయినా, ప్రయాణం కట్టినా జనం ఏవేవో తంతులు చేస్తారని, అందులో ఆడవాళ్లు మరీ ఎక్కువని, వాటి ఫలం స్వల్పమని రాజు అంటాడు. దాసులతోనూ పనివాళ్లతోనూ మంచిగా మెలగడం, గురువులను గౌరవించడం అసలైన మంగళమని చెబుతాడు. పన్నెండో శాసనం పరమతాలను నిందించవద్దంటూ, ఆ పని చూసే అధికారులలో స్త్రీల వ్యవహారాలకు నియమించిన మహామాత్రులను కూడా పేర్కొంటుంది. ఇంటి ఆచారం ఆడవాళ్ల చేతిలో ఉందని మౌర్య చక్రవర్తికీ తెలుసు. సుమారు పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత వచ్చిన శైవులకూ తెలుసు. అయితే వీళ్లు ఇల్లాలిని విసుక్కోలేదు, ఆమె వంటింటికే దేవుణ్ని అతిథిగా పంపారు.

ఆధారాలు

ఐరోపాలో ఇదే కాలపు అసమ్మతి మతాల గురించి మనకు తెలిసిందంతా ఎక్కువగా వాటిని అణచినవారు రాసుకున్నది. దక్షిణ ఫ్రాన్సులో కాథర్లనే అసమ్మతివాదులను వెతికి పట్టుకున్న మత విచారణాధికారులు ఎవరు ఎవరింట్లో భోంచేశారు, ఎవరు ఎవరిని బోధకుడి దగ్గరికి తీసుకెళ్లారు అని పేర్లతో సహా నమోదు చేశారు. పామియే బిషప్ జాక్ ఫూర్నియే 1318 నుంచి 1325 వరకు జరిపిన విచారణల పుస్తకం మోంటాయూ అనే కొండపల్లెను ఇల్లిల్లూ చూపిస్తుంది. అక్కడ కొత్త మతం మనిషి నుంచి మనిషికి కాక ఇంటి నుంచి ఇంటికి పాకింది. పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మలు, వియ్యపురాళ్లు దానికి వాహకులు. ఇప్పటి చరిత్రకారులు ఆ పత్రాల్లోని పేర్లతో సామాజిక సంబంధాల పటాలే గీస్తున్నారు.

మనకు అలాంటి విచారణ పుస్తకాలు లేవు. ఉన్నవి భక్తులు రాసుకున్న పురాణాలు, గుడి శాసనాలు, మఠాల్లో చెప్పుకునే కథలు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, పండితారాధ్య చరిత్ర వీటిలో ముఖ్యమైనవి. రెండూ ద్విపదలో ఉన్నాయి, పాడుకుని వినిపించడానికి వీలుగా. వీటిలో మహిమలు దండిగా ఉంటాయి, వాటిని జరిగినవిగా తీసుకోలేం. కానీ ఏ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవరికి వండిపెట్టారు, ఎవరు ఎవరి మాట కాదన్నారు అన్న చోట కథకుడు తన కాలపు లోకాన్ని దాచలేడు. ఈ వ్యాసం ఆ కథలను ఆ మేరకే వాడుకుంటుంది.

ఒక ఇంటివారి ఉద్యమం

బసవడు కల్యాణం ఏలిన కలచురి రాజు బిజ్జలుడి దండనాయకుడు, 12వ శతాబ్దం మధ్యభాగం వాడు. పురాణ కథనం ప్రకారం ఉపనయనం వద్దని తండ్రితో తెగతెంపులు చేసుకున్నప్పుడు అతనితో పాటు ఇల్లు వదిలింది అక్క నాగమాంబ. అతనికి పిల్లనిచ్చింది మేనమామ వరసైన మంత్రి బలదేవుడు. ఆ మామ పోయాక ఆయన పదవే అల్లుడికి దక్కింది. తర్వాతి తరంలో వీరశైవానికి సిద్ధాంత రూపమిచ్చిన చెన్నబసవడు నాగమాంబ కొడుకు. అంటే కులాన్ని ధిక్కరించిన ఉద్యమపు నడిబొడ్డున ఉన్నది ఒక మేనరికపు కుటుంబం: మామ, అల్లుడు, కూతురు, అక్క, మేనల్లుడు. తండ్రి వైపు చుట్టరికం తెగింది, తల్లి వైపు చుట్టరికం నిలబెట్టింది. ఈ సంగతికి రావలసినంత పేరు రాలేదు.

ఈ మతం స్త్రీకి ఇచ్చింది తక్కువేమీ కాదు. ఇష్టలింగాన్ని మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లూ మెడలో వేసుకున్నారు. పురుటి మైల, చావు మైల, ముట్టు, కులపు అంటు, ఎంగిలి అనే అయిదు సూతకాలూ లింగధారికి లేవన్నారు. నెలకు మూడు రోజులు దేవుడికి దూరంగా కూర్చోనక్కర్లేదు అన్న మాట ఆ రోజుల్లో ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. ఈ రోజుల్లోనూ చిన్నది కాదు. కన్నడంలో వచనాలు చెప్పిన శరణులనే శివభక్తుల్లో ముప్పైకి పైగా స్త్రీలు ఉన్నారు. వాళ్లలో రాజుల ఇంటివారు తక్కువ, పనిచేసుకునేవారు ఎక్కువ. నేల మీద రాలిన బియ్యం ఏరుకొచ్చే భర్త ఒకరోజు ఎక్కువ తెస్తే, అక్కర్లేనిది తిరిగి పోసి రమ్మని పంపిన లక్కమ్మ కథ అందరికీ తెలిసిందే. అక్కడ బోధ చేసింది ఇల్లాలు, విన్నది మొగుడు.

బసవపురాణంలోని స్త్రీలు ఇంకో రకం. శివుడికి తల్లి లేదే అని దిగులుపడి, తానే తల్లినై లాలపోసి పెంచుతానన్న బెజ్జ మహాదేవి, తాను పట్టుకెళ్లిన పాలు దేవుడు తాగలేదని ఏడ్చిన గొడగూచి అనే పిల్ల, జైనుడి ఇంట కోడలై వచ్చి శివుణ్ని వదలని వైజకవ్వ. వైజకవ్వ కథ ధిక్కార మతాల చరిత్రకారుడికి అన్నిటికంటే విలువైనది. భర్త తన గురువుల కోసం వండమంటే ఆమె వండుతుంది, కానీ ఆ అన్నం మొదట వడ్డించేది గడపలోకి వచ్చిన శివభక్తుడికి. మత వాదం రాజసభలోనే జరగనక్కర్లేదు. ఎవరి విస్తట్లో ముందు వడ్డిస్తారు అన్నదే వాదం. జంగమసేవ అంటే ఊరూరా తిరుగుతూ ఇంటికి వచ్చిన శైవ సన్యాసికి, జంగముడికి, అన్నం పెట్టడం, ఆ పని చేసే చేయి ఇల్లాలిది. కొత్త మతం ఇంట్లోకి వచ్చిందా లేదా అన్నది ఆ చేతిని బట్టి తేలేది.

ఇదే వంటింట్లో భయం కూడా ఉంది. విధవరాలైన నిమ్మవ్వ దేవుడి కోసం చేసిన పిండివంటను ముందే తిన్నాడని కన్నకొడుకునే చంపినట్టు పురాణం మెచ్చుకుంటూ చెబుతుంది. సిరియాళుడు, అతని భార్య అతిథిగా వచ్చిన శివుడికి కొడుకును వండిపెట్టిన కథ ఉండనే ఉంది. చివర శివుడు బిడ్డలను బతికిస్తాడు. అయినా ఈ కథలు స్త్రీని అడిగింది ఏమిటో గమనించాలి. తల్లి అన్న బంధం కంటే భక్తురాలు అన్న బంధం గట్టిదని రుజువు చేయమన్నాయి. ఆ రుజువు మగవాడిని అడిగితే తన తల ఇస్తాడు, తన శరీరంతో పోతుంది. శ్రీశైలంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి 1377లో కట్టించిన వీరశిరోమండపం అలా నాలుకలు, చేతులు, తలలు కోసి అర్పించిన వీరుల కోసమే. స్త్రీని అడిగితే ఆమె బిడ్డను ఇవ్వాలి. ధిక్కార మతాలను అంతా అహింసగా, సమానత్వంగా చదివేవారు శ్రీశైలం గుడి స్తంభాల మీది 1512 నాటి శాసనాన్ని కూడా చూడాలి. లింగ అనే వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరకడం తన పుణ్యకార్యాల్లో ఒకటిగా అందులో లెక్కపెట్టించుకున్నాడు.

కల్యాణంలో పెళ్లి

బ్రాహ్మణుడైన మధువరసు కూతుర్ని చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి ఇచ్చి పెళ్లి చేశారని, అందుకు బిజ్జలుడు ఆ ఇద్దరు తండ్రులను క్రూరంగా శిక్షించాడని, ఆ మంటలోనే రాజూ హతుడై శరణులు చెల్లాచెదురయ్యారని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. సోమనాథుడు శిక్షను, రాజు చావును చెబుతాడు, కానీ ఆయన కథలో పెళ్లికి తర్వాతి కథల్లో ఉన్నంత చోటు లేదు. ఏది ఎలా జరిగినా ఒకటి స్పష్టం. ఏళ్ల తరబడి శరణులు కులాలు కలిపి భోంచేస్తుంటే రాజ్యం ఓర్చుకుంది. పెళ్లి పందిరి వేశాక ఓర్చుకోలేదు. ఆ శిక్షకు గురైన తండ్రుల పేర్లు అందరికీ తెలుసు, పెళ్లికూతురి మాట ఏమిటో ఎవరూ చెప్పలేదు.

మల్లికార్జున పండితారాధ్యుడు కులాంతర పెళ్లి అనే ఈ గీతకు ఇవతలే ఆగాడు. దాక్షారామంలో పుట్టి, వాదాలు గెలిచి శ్రీశైలం చేరిన ఈయన, శివుడు తప్ప మరో దైవం లేదన్నాడు గానీ బ్రాహ్మణ్యాన్ని మాత్రం వదలనని బసవడికే తేల్చి చెప్పినట్టు సంప్రదాయం. ఆయన వారసులైన ఆరాధ్యులు లింగమూ కట్టారు, జంధ్యమూ ఉంచుకున్నారు. తెలుగుదేశంలో వీరశైవం బతికి బట్టకట్టడానికి ఈ రాజీ కొంత కారణం. అది చల్లారడానికీ అదే కారణం అంటే తప్పు లేదు.

పల్నాటిలో బ్రహ్మనాయుడి చాపకూడుదీ ఇదే బాట. ఒకే చాప మీద కులాలన్నీ తిన్నాయి, మాలవాడైన కన్నమదాసు కొడుకు వరసై సేన నడిపాడు. అది వైష్ణవం, రాయలసీమకు బయటిది, కాబట్టి ఇక్కడ పేరు తలుచుకుంటే చాలు. అయితే ఆ కథలో రాజనీతి నడిపిన ఏకైక స్త్రీ నాయకురాలు నాగమ్మను వీరగాథ ప్రతినాయికగా నిలబెట్టడం మాత్రం గుర్తుంచుకోదగ్గది.

దేవుడే మొగుడైన ఆడవాళ్లు

అక్కమహాదేవి శివమొగ్గ ప్రాంతపు ఉడుతడి పిల్ల. కౌశికుడనే రాజుతో బంధాన్ని, కట్టుబట్టను కూడా విడిచి, జుట్టే కప్పుగా కల్యాణం చేరింది. అక్కడ శరణుల పెద్ద అల్లమప్రభువు ఆమెను సభలో నిలబెట్టి నీ మొగుడెవరని అడిగాడు. మగ శరణుల్లో ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. చెన్నమల్లికార్జునుడే అని ఆమె జవాబు. ఆ పేరు శ్రీశైలం దేవుడిది, ఆమె వచనాలన్నిటికీ అదే ముద్ర. అక్కడి నుంచి ఆమె నల్లమల దారి పట్టి కృష్ణ ఒడ్డున కదళీవనంలో లీనమైందంటారు. ఆమె పేరుతో గుహలు ఇప్పుడూ అక్కడ ఉన్నాయి.

మొగుణ్ని కాదనడానికి ఆమెకు దొరికిన మాట కూడా మొగుడే. పెళ్లి అన్న కట్టును తెంచలేదు, దాని అవతలి కొసను మనిషి నుంచి దేవుడికి మార్చింది. ఆ దారిలో వెళ్లినవారు తర్వాతా ఉన్నారు. తరిగొండ వెంగమాంబ (1730–1817) బాల్యంలోనే భర్త పోయినా పసుపు కుంకుమలు తీయనంది, వెంకటేశ్వరుడే తన భర్త అంది. ఆమెను దారికి తేవడానికి వచ్చిన పుష్పగిరి పీఠాధిపతినే ఆమె నిరుత్తరుణ్ని చేసిందని కథ. కాలం చేత ఆమె మన హద్దు దాటినా, వాదం అక్కదే.

ఈ వాదానికి వెలుగు వైపు ఒక్కటే లేదు. ఆదోని, ఆలూరు, పత్తికొండ పల్లెల్లోనూ, అటు బళ్లారి వైపూ ఆడపిల్లను దేవుడికి వదిలి బసివిని చేసే ఆచారం చాలాకాలం నడిచింది. మగబిడ్డ లేని ఇంట్లో బసివికి కొడుకులా ఆస్తి, తలకొరివి హక్కు వచ్చేవి. దానికి బదులు ఆమె శరీరం ఊరిదయ్యేది. అక్క ఎంచుకున్నది, బసివికి తెలివి రాకముందే పెద్దలు ఎంచిపెట్టింది. మాట ఒకటే, దేవుడే మొగుడు. దళిత, వెనకబడిన కులాల పిల్లల మీద పడిన ఆ భారాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988 నాటి చట్టంతో నిషేధించింది. భక్తురాళ్ల స్వేచ్ఛను పొగిడేవారు ఈ రెండో పేజీని తిప్పకుండా వదిలేయడం మామూలైపోయింది.

హేమరెడ్డి మల్లమ్మ ఇంకో దారి. మల్లన్న భక్తురాలైన ఈ రెడ్ల ఇంటి కోడలు కాపురం విడవలేదు. అత్త, తోడికోడళ్లు పెట్టిన ఆరళ్లు పడుతూనే భక్తి సాగించింది. శ్రీశైలంలో మల్లమ్మ కన్నీరు అని ఒక చోటు చూపిస్తారు. కన్నడ కథల్లో పద్యకవి వేమన ఆమెకు మరిది, చెడుతిరుగుళ్ల నుంచి అతణ్ని మళ్లించింది ఈ వదినే. చరిత్రగా ఇది నిలవదు. కానీ కులాన్నీ, రాతిదేవుణ్నీ అంతగా ఎండగట్టిన వేమన, ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఊళ్లో అందరూ అనే మాటలే అన్నాడని అతని పేరున ఉన్న పద్యాలు చూస్తే తెలుస్తుంది. జనం అతనికి గురువుగా వదినను కల్పించుకోవడంలో ఆ లోటు పూడ్చే ప్రయత్నం ఉందేమో.

బద్వేలు దగ్గరి గోపవరం మొల్ల తండ్రి చాటు బిడ్డ. కుమ్మరి కేసన కూతురిగా, ఊరి శ్రీకంఠ మల్లేశుని దయతో కవిత్వం అబ్బినదానిగా తనను చెప్పుకుంది. భర్త మాట ఎత్తలేదు. తండ్రి జంగమ భక్తుడు. కావ్యం రామాయణమే అయినా, కుమ్మరి ఇంటి పిల్లకు అక్షరం చేరిన దారి ఆ శైవ భక్తి ఇంటిదే.

అచ్చమ్మ ఇల్లు, కందిమల్లాయపల్లె మఠం

పోతులూరి వీరబ్రహ్మం (సంప్రదాయం ప్రకారం 1608–1693) కథ ఒక స్త్రీ ఇంట్లో మొదలవుతుంది. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ దగ్గర ఆయన పశువుల కాపరి. రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాస్తున్నాడని తెలిశాక యజమానురాలే శిష్యురాలైంది. కూలికి కుదిరినవాడు గురువు కావడం, ఆస్తి ఉన్న స్త్రీ అతని పాదాలు పట్టడం, ఈ రెండు తలకిందులూ ఒక్క గడపలోనే జరిగాయి. పేరు, పొలం, గొడ్లు ఉన్న అచ్చమ్మ లాంటి ఇంటి ఇల్లాళ్ల నీడ లేకపోతే ఊరూరా తిరిగే యోగులకు నిలువ చోటు ఉండేది కాదు. శ్రీశైలంలో కృష్ణలోకి దిగే మెట్లు కట్టించిన విజయనగర రాజు హరిహరరాయల భార్య విఠలాంబ రాజుల స్థాయిలో చేసినదే అచ్చమ్మ ఊరి స్థాయిలో చేసింది.

బ్రహ్మం శిష్యుల్లో ముఖ్యుడు సిద్దయ్య, ముడుమాలకు చెందిన దూదేకుల కుర్రవాడు. కొడుకు మతం తప్పాడని తల్లిదండ్రులు మొరపెట్టుకుంటే కడప నవాబు పిలిపించాడంటారు. ఇక్కడ తెగింది కన్నవారి బంధం, దానికి బదులు కట్టుకున్నది గురుశిష్య బంధం. కక్కయ్య మాదిగ. దేహంలోనే చక్రాలు, దేవతలు ఉన్నారని గురువు సిద్దయ్యకు చెబుతుండగా విని, నిజమేనా చూద్దామని ఇంటికి వెళ్లి పడుకున్న భార్యను కోశాడు. ఏమీ కనిపించక గురువును నిలదీయడానికి వచ్చాడు. బ్రహ్మం ఆమెను బతికించి కక్కయ్యను శిష్యుణ్ని చేసుకున్నాడు. ఈ కథను వింతగా చెప్పుకుని నవ్వేస్తారు. నిజానికి అందులో భయంకరమైన సంగతి ఒకటుంది. అంటరానివాడికి జ్ఞానం దొరికింది, అతని పెళ్లాం ఆ జ్ఞానానికి పరీక్షా వస్తువు అయింది. బతికి లేచాక ఆమె ఏమందో కథకు పట్టలేదు.

బ్రహ్మం భార్య గోవిందమ్మ దగ్గర ధిక్కారం మరోలా పలికింది. కందిమల్లాయపల్లెలో తాను జీవసమాధిలోకి వెళ్లినా చావలేదు కాబట్టి పసుపు కుంకుమలు తీయవద్దని ఆయన చెప్పినట్టు మఠ సంప్రదాయం. విధవను చేసే తంతు మీద ఇంత సూటి దెబ్బ ఆ కాలంలో అరుదు. కానీ అది గోవిందమ్మ ఒక్కతెకే వర్తించింది, ఊళ్లోని తక్కిన విధవలకు వర్తించలేదు. మనవరాలు ఈశ్వరమ్మ యోగినిగా పేరు తెచ్చుకుంది. ఆమె పేరున మఠం నేటికీ ఉంది.

నేటి స్థితి

బంధుత్వ భాష ఇప్పటికీ శ్రీశైలం దారిలో వినిపిస్తుంది. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుంచి వేలమంది కర్నూలు మీదుగా ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి అడవి బాటన నడిచి వస్తారు. వాళ్లకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. చీర, సారె పట్టుకొస్తారు. దారి పొడవునా ఊళ్లవాళ్లు మజ్జిగ, భోజనం పెడతారు, కులం అడగరు. కంచం పొత్తు ఆ కొద్ది రోజులు నిజంగానే నడుస్తుంది.

కందిమల్లాయపల్లె ఇప్పుడు బ్రహ్మంగారి మఠం పేరుతో వైఎస్సార్ కడప జిల్లాలో మండల కేంద్రం. అక్కడ పీఠం రక్తసంబంధం వెంటే నడిచింది. సిద్దయ్య మఠం వేరుగా ముడుమాలలో ఉండిపోయింది. 2021లో పీఠాధిపతి మరణించినప్పుడు ఆయన ఇద్దరు భార్యల సంతానంలో పీఠం ఎవరికన్న తగవు హైకోర్టు దాకా వెళ్లింది. హక్కు అడిగినవాళ్లంతా ఆ కుటుంబం వాళ్లే.